తామర మందూ చింతపండు పులుపూ

మందు మంచిదే. కరగదు, అంతే. నా ఉద్యోగమంతా ఈ రెండు ముక్కల మధ్యే ఇరుక్కుపోయింది.

సూరత్ పక్కన, పల్సానా దాటాక ఉన్న ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తాను. తామరకు మింగే మందు ఒకటి కొన్నేళ్లుగా నా బల్ల మీదే ఉంది. తెల్లటి పొడి. నీళ్లలో వేస్తే పైన తేలుతూ మన మొహం చూస్తుంది. పుల్లటి నీళ్లలో అయితే కొంచెం కరుగుతుంది. అంటే మనిషి కడుపులో పులుపు బాగా ఊరి ఉంటేనే అది ఒంటికి పడుతుంది. లేదంటే మింగింది మింగినట్టే బయటికి పోతుంది. మందు వాడాను కదా అని రోగి అనుకుంటాడు, ఈ మందు పనిచెయ్యదని డాక్టరు అనుకుంటాడు. మధ్యలో తామర హాయిగా పెరుగుతుంది.

మా పని ఆ మందుకు ఒక తోడును వెతకడం. మందు అణువులు తమలో తాము గట్టిగా పేర్చుకుని కూర్చుంటాయి, నీళ్లను దగ్గరికి రానివ్వవు. వాటి మధ్య ఇంకో పదార్థం అణువులను, తిన్నా హాని చెయ్యనివాటిని, వరుసగా కూర్చోబెట్టగలిగితే రెండూ కలిసి ఒకే స్ఫటికం కడతాయి. దాన్ని కో-క్రిస్టల్ అంటారు. మందు అదే మందు. పేర్పు మారుతుంది, దాంతో కరిగే తీరూ మారుతుంది. నేను ఎంచుకున్న తోడు చింతపండులో ఉండే పులుపు. ఆ ఆమ్లం శుద్ధి చేసిన పొడిగా సీసాల్లో దొరుకుతుంది. కడుపులో పులుపు లేకపోయినా మందు తన పులుపును తానే మోసుకుపోతుందని నా ఆలోచన. మా మేడం గుజరాతీ ఆవిడ. ఈ మాట విని, "మీ తెలుగువాళ్లకు దేంట్లోనైనా చింతపండు వెయ్యకపోతే తోచదు" అని హిందీలో నవ్వింది. ఆవిడ పప్పులో బెల్లం వేసుకునే మనిషి మరి.

చెప్పడం ఇంత తేలిక. రెండు పొడులనూ చిన్న కల్వంలో వేసి, రెండు చుక్కల ఆల్కహాలు పోసి నూరాలి. నూరి నూరి మణికట్టు పడిపోయేది. నూరినదాన్ని ఎక్స్‌రే యంత్రంలో పెడితే తెర మీద గీతలు లేస్తాయి. పాత గీతలే లేచాయంటే, కంటికి కలిసినట్టు కనిపిస్తున్నా ఆ రెండూ కలవలేదన్నమాట. చాలాకాలం పాత గీతలే చూశాను. పాళ్లు మార్చాను, ద్రావకం మార్చాను, ఒకసారి విసుగొచ్చి కల్వం కూడా మార్చాను. ఒక మధ్యాహ్నం ఎట్టకేలకు కొత్త గీతలు లేచాయి. ఎగిరి గంతెయ్యలేదు. ఇంకోసారి నూరి, ఇంకోసారి చూసి, క్యాంటీన్ మూసేస్తారని పరిగెత్తాను.

దాన్ని పులుపు తక్కువ నీళ్లలో వేసి చూస్తే నిజంగానే కరిగింది. సంబరం వానాకాలం దాకా నిలిచింది. సూరత్ వానాకాలంలో పాపడాలు మెత్తబడతాయి, అగ్గిపుల్లలు వెలగవు, నా స్ఫటికాలు విడిపోతాయి. పులుపు చెమ్మ పీల్చుకుని పక్కకు తప్పుకునేది. యంత్రంలో పెడితే మళ్లీ పాత గీతలు, మీరెక్కడికి పోతే మేమూ అక్కడికే అన్నట్టు. మళ్లీ కల్వం దగ్గరికి.

ఆ వానాకాలంలోనే మా చిన్నాయన మెడ మీద తామర చూశాను.

చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు. నాన్న పోయి చాలాకాలమైంది. అన్నదమ్ములిద్దరూ జగిత్యాల వైపు నుంచి సాంచల మీద పనికి సూరత్ వచ్చారు. మరమగ్గాన్ని మావాళ్లు సాంచ అంటారు. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడి మునిసిపాలిటీ తెలుగు బడిలో చదువుకున్నాను. ఆ బడికి రోజూ నన్ను సైకిల్ మీద దించింది చిన్నాయనే. చిన్నమ్మ ఊళ్లో బీడీలు చుట్టుకుంటూ ఉండిపోయింది. ఆయన మాత్రం ఇక్కడ మనవైపు మగవాళ్లు కలిసి ఉండే ఒక గదిలో ముసలివాడైపోతున్నాడు.

ఆ గదిలో మంచం ఇద్దరికి ఒకటి. పగటి షిఫ్టుకు పోయేవాడు లేవగానే రాత్రి షిఫ్టు దిగినవాడు వచ్చి అదే మంచం మీద వాలిపోతాడు. దుప్పటి వెచ్చదనం కూడా చల్లారదు. అట్లాంటి ఇద్దరిని జోడీదారులు అంటారు. నడిపే సాంచలూ అవే, పడుకునే మంచమూ అదే. కార్ఖానాకు సెలవైతే తప్ప జోడీదారుతో కూర్చుని ఒక చాయ్ తాగే తీరిక కూడా ఉండదు. చిన్నాయన జోడీదారు ఆయనకంటే చాలా చిన్నవాడు, మాట తక్కువ మనిషి. నేను గదికి వెళ్లినప్పుడల్లా అటు తిరిగి పడుకుని ఉండేవాడు.

చిన్నాయన మెడ మీద మొదలైన తామర చేతుల మీదికి దిగింది. సాంచల కింద చెమట, గదిలో ఆరని బట్టలు, ఇంకేం కావాలి దానికి? గదిలో గుసగుసలు మొదలయ్యాయి. తువ్వాలు వేరే తీగ మీద వేసుకో అన్నారు, బకెట్ వేరే పెట్టుకో అన్నారు. చివరికి గది బాధ్యత చూసే పెద్దమనిషి తేల్చి చెప్పేశాడు. ఆ సంగతి చెప్పడానికే చిన్నాయన మా ఇంటికి వచ్చాడు.

"దీపావళి దాక జూస్తరట బిడ్డా. గప్పటిదాక తగ్గకపోతె మంచం ఇంకొకలకు ఇస్తరట."

దీపావళికి సూరత్‌లో సాంచలన్నీ బంద్ అవుతాయి, అందరూ ఊళ్లకు పోతారు. తిరిగొచ్చాక మంచాలు మళ్లీ పంచుకుంటారు. మంచం పోతే పడుకునే చోటు ఒక్కటే పోదు. గదిలో కలిసి వండుకునే తిండి పోతుంది, ఆ మాటలు పోతాయి, ఇన్నేళ్లు కలిసి బతికిన మనుషులు పోతారు. ఈ వయసులో ఇంకో గదివాళ్లు ఆయన్ను చేర్చుకోరు. అదీ మెడ మీద తామరతో.

"మా ఇంటికొచ్చి ఉండు" అన్నాను.

"అల్లుని ఇంట్ల పడుంటె నలుగురు ఏమనుకుంటరు?"

అల్లుడేమీ అనుకోడు. మా ఆయన హజీరా ఫ్యాక్టరీలో షిఫ్టు చేసి కంపెనీ బస్సు దిగి నేరుగా నిద్రలోకి పోయే మనిషి. ఇంట్లో ఇంకో మనిషి ఉన్నాడని తెలియడానికే ఆయనకు వారం పడుతుంది. ఈ మాట చెప్పినా చిన్నాయన వినలేదు.

ఇప్పటిదాకా ఏం వాడావని అడిగితే జేబులోంచి ప్లాస్టిక్ సంచి తీశాడు. మెడికల్ షాపువాడు ఇచ్చిన ఒక ట్యూబు, నేను పేరు చూడగానే గుర్తుపట్టిన గోలీలు, వాటితో పాటు గ్యాస్ గోలీలు. పొద్దున లేవగానే పరగడుపున గ్యాస్ గోలి, దాని వెనకే తామర గోలి. నా బల్ల మీది మందు ఆ సంచిలో కనబడేసరికి నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కడుపులో పులుపు ఊరితేనే కరిగే మందును, పులుపు ఊరకుండా చేసే గోలితో కలిపి మింగుతున్నాడు. మేం యంత్రాలు పెట్టి నెలల తరబడి కొలుస్తున్న తంటా అంతా మా ఇంటి మనిషి కడుపులోనే జరుగుతోంది.

చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టరు ట్యూబు పారెయ్యమన్నాడు, గ్యాస్ గోలి ఆపమన్నాడు. తామర మందు రోజుకు రెండు గోలీలు, కడుపు నిండా తిన్నాక, వీలైతే పుల్లటిది ఏదైనా తాగి మింగమన్నాడు. బయటికొచ్చాక దారంతా నేను చిన్నాయనకు పాఠం చెప్పాను. మందు ఎందుకు కరగదో, ల్యాబులో నేను దానికి చింతపండు పులుపును ఎట్లా జత చేస్తున్నానో, రెండూ ఒక్క స్ఫటికంలో ఎట్లా సర్దుకుంటాయో చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అంటె మా మంచం లెక్కనే అన్నట్టు" అన్నాడు. "ఒక్కదాంట్ల ఇద్దరు."

"గట్లనే."

"మరి వానకాలం విడిపోతయంటివి? మా జోడీదారు ఎన్ని వానలొచ్చినా మంచం ఇడువడు." తర్వాత కొంచెం సిగ్గుపడుతూ అడిగాడు. "గా పొడి జరంత తెచ్చియ్యరాదు బిడ్డా?"

తేలేనని చెప్పాను. మనుషులకు ఇచ్చే దాకా రావడానికి ఎన్ని మెట్లున్నాయో, ఏ మెట్టు మీదైనా ఎట్లా ఆగిపోవచ్చో చెప్పాను. నా మాటల్లోనే నాకు అలసట వినిపించింది. ఆయన మళ్లీ అడగలేదు.

గ్యాస్ గోలి మానడం ఆయనకు తామరకంటే పెద్ద శిక్ష అయింది. సాంచల దగ్గర నిద్రను ఆపేది చాయ్, చాయ్ తెచ్చే మంటను ఆపేది ఆ గోలి. గోలి పోయింది, చాయ్ పోలేదు. ఛాతీ పట్టుకుని నిలబడి దారాలు ముడేస్తున్నానని చెప్పేవాడు. "మంట లేస్తాంది బిడ్డా, అగ్గి మింగినట్టే" అనేవాడు. చాయ్ తగ్గించు, మందు మానకు అనేదాన్ని. ఆదివారం ఆదివారం వచ్చి ఖాళీ స్ట్రిప్పులు టీపాయ్ మీద పరిచి చూపించేవాడు, బడిపిల్లవాడు పలక చూపించినట్టు. ఒక్క గోలి కూడా మిగిలేది కాదు. నేను తృప్తిగా కొత్తవి ఇచ్చేదాన్ని.

తామర మాత్రం దోబూచులాడింది. ఒక వారం మెడ మీద చాయ తేలేది, హమ్మయ్య అనుకునేలోపు అంచులు మళ్లీ ఎర్రబడేవి. నాకు అర్థం కాలేదు. మందు సరైనది, మోతాదు సరైనది, కడుపులో పులుపు ఉంది, పైగా మంటపుట్టేంత ఉంది. ఇంకేం తక్కువైంది? డాక్టరు ఇంకొంత కాలం వాడమన్నాడు. నాకు తెలిసిన చదువంతా ఆ మెడ చుట్టూ తిరిగి వెనక్కి వచ్చేసింది.

ల్యాబులోనూ అదే కథ. కొత్త స్ఫటికాన్ని చెమ్మ తగలని రేకులో పొదిగి చూశాం, నిలిచింది. రేకు విప్పి ఉంచితే విడిపోయింది. "మన దేశంలో గోలీలు రేకులోనే ఉంటాయని ఎవరు హామీ ఇస్తారు?" అంది మేడం. ఆవిడ అన్నదాంట్లో తప్పులేదు. దీపావళి సెలవుల ముందు జరిగిన మీటింగులో చింతపండు పులుపును పక్కన పెట్టి ఇంకో తోడును వెతకమన్నారు. అంటే మళ్లీ మొదటి నుంచి. మీటింగు గది బయట అందరూ మిఠాయి డబ్బాలు పంచుకుంటున్నారు. నా డబ్బా తీసుకుని, కంపెనీ బస్సులో కిటికీ పక్క సీటులో కూర్చుని, దిగేదాకా కళ్లు మూసుకున్నాను. నాకు దుఃఖం కూడా కలగలేదు. కాళ్లు లాగుతున్నాయని మాత్రం తెలిసింది.

ఇంటికి వచ్చేసరికి చిన్నాయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన మూట, మూట మీద ఆయన కంచం, గ్లాసు. నేను ఏమీ అడగనక్కర్లేకపోయింది.

"సెలవులకంటె ముందుగాల్నే జూసిండ్రు" అన్నాడు. "అంగీ ఇప్పిచ్చి జూసిండు పెద్దమనిషి. అందరి ముందట."

ఇన్నేళ్లు ఆ గదిలో అన్నం వండిపెట్టిన మనిషి, జ్వరమొచ్చినవాడికల్లా గంజి కాచిన మనిషి. వాళ్లను నాలుగు తిట్టబోయాను. ఆయనే అడ్డం వచ్చాడు. "వాండ్లదేమున్నది, అంటుకునే రోగం గద" అన్నాడు.

లోపలికి వచ్చాక సోఫాలో కూర్చోలేదు. బాల్కనీలో ఉన్న ప్లాస్టిక్ కుర్చీ ఇమ్మన్నాడు. తను లేచాక కడుక్కోవచ్చని. మా ఇంట్లో అట్లాంటి కుర్చీ అదొక్కటే. దాంట్లో కూడా ఒళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. తన కంచంలోనే తిన్నాడు. నేను చింతపండు చారు గ్లాసులో పోసిచ్చి, రెండు గోలీలు తీసి చేతిలో పెట్టాను. ఒకటి నోట్లో వేసుకుని చారుతో మింగాడు. రెండోదాన్ని తంబాకు చుట్టుకొచ్చిన కాగితంలో మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అది గూడ మింగు" అన్నాను.

"మింగుత తియ్యి."

"ఇప్పుడే, నా ముందర."

ఆయన కుర్చీలో ఇటూ అటూ కదిలాడు. "గిది నాది గాదు బిడ్డా."

"మరి ఎవలిది?"

"జోడీదారుది."

నాకు వెంటనే తలకెక్కలేదు. ఆయనే మెల్లగా చెప్పుకుంటూ పోయాడు.

"వానికి నడుముకాడ ఉన్నది. లుంగి కింద, ఎవలకు కనవడది. నాకంటె ముందుగాల్నే ఉండె. ఒక్కటే మంచం గద. నాకు తగ్గి వానికుంటె మళ్ల నాకే అంటుకుంటది. గందుకే చెరొకటి మింగినం."

"వాన్ని డాక్టర్ కాడికి తోల్కరావద్దా?"

"తోల్కొస్తె రూంల తెలుస్తది. ఇద్దరికున్నదంటె ఇద్దర్ని ఎల్లగొడుతరు."

నాకు ఒళ్లు మండిపోయింది. సగం మందు ఇద్దరిలో ఎవరికీ పూర్తిగా పనిచెయ్యదు. ఇద్దరినీ సగం సగం నయం చేసి, ఇద్దరినీ మళ్లీ ఒకరి నుంచి ఒకరికి అంటించింది. నేను చూసి మురిసిన ఖాళీ స్ట్రిప్పుల్లో సగం ఇంకో కడుపులోకి పోయింది. పులుపు లేని కడుపులో కూడా కరిగే మందు చెయ్యాలని ఇంతకాలం కల్వం నూరాను. ఉన్నవి రెండు కడుపులని నాకెవరు చెప్పారు?

"గిన్ని రోజులు గా మంట ఎందుకు వడ్డవ్ మరి?" గట్టిగా అరిచినట్టున్నాను. "గా గ్యాస్ గోలి మాని, ఛాతి పట్టుకుని..."

"నువ్వు జెప్పినవ్ గద బిడ్డా."

నేను కంచం తీయబోతే, "ముట్టకు, నేను కడుక్కుంట" అన్నాడు. నాకు ఇంకా కోపం తగ్గలేదు.

"నీ మంచమైతె పోయింది. ఇంకా ఎందుకు దాస్తున్నవ్ గా గోలి?"

"నాది పోయింది. వానిదున్నది." జేబు మీద చెయ్యి వేసుకున్నాడు, గోలి అక్కడే ఉందో లేదో చూసుకుంటున్నట్టు. "నాకు నువ్వున్నవ్. మూట దెచ్చుకుని కూసున్న. వానికి గీ సూరత్‌ల ఎవలున్నరు?"

ఆయనకు చెప్పగలిగింది ఒక్కటే చెప్పాను. నీ సగం మంచంలోకి కొత్తవాడు వస్తాడు, వాడికీ అంటుకుంటుంది, వాడూ ఇట్లాగే మూట కట్టుకుంటాడు, అప్పుడు వాడు ఎవరి ఇంటికి పోవాలి? ఇది విన్నాక చిన్నాయన లేచి తన కంచం, గ్లాసు కడిగి పెట్టాడు. "ఆదివారం తోల్కొస్త" అన్నాడు చివరికి.

తోలుకొచ్చాడు. నేను ఎప్పుడూ వీపు మాత్రమే చూసిన మనిషి తలుపు దగ్గర చెప్పులు విప్పి, లోపలికి రావడానికి నా వంక చూస్తూ నిలబడ్డాడు. పాతికేళ్లు కూడా ఉండవు. నన్ను ఏమని పిలవాలో తెలియక నమస్తే అన్నాడు. డాక్టరు దగ్గరికి బయలుదేరేలోపు చాయ్ పెడదామని లోపలికి వెళ్లాను. చాయ్ వద్దు, మంట లేస్తుందని చిన్నాయన అక్కడి నుంచే కేకేశాడు. రెండు గ్లాసుల్లో చారు పోసుకుని వచ్చాను. ప్లాస్టిక్ కుర్చీలో జోడీదారు కూర్చుని ఉన్నాడు. చిన్నాయన నేల మీద కూర్చున్నాడు.